నలభై ఒకటో ఆకు

"నాలుగింటికి పోలీసులొస్తరు మెహర్ బీ. అంతదాంక నీ ముచ్చట తీర్చుకో," అన్నాడు గౌస్ మొహియుద్దీన్, గోడ గడియారం వైపు గడ్డం ఎగరేసి.

గడియారంలో రెండూ ఇరవై.

మెహర్ సుల్తానా కుర్చీ లాక్కుని కూర్చుంది. తనకు వేసింది ప్లాస్టిక్ కుర్చీ. గౌస్ కూర్చున్నది తోలుది, చక్రాలున్నది, తల దాకా వీపున్నది. వద్దు వద్దనుకుంటూనే చూపు దానిమీదికే పోయింది. రెండేళ్ళ కింద ఇద్దరూ ఒకే ఇన్సూరెన్స్ కంపెనీలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేశారు. అల్ వక్రాలో గోడౌన్ తగలబడ్డ కేసులో, నిప్పు బయటనుంచి రాలేదు, లోపలి మనిషే పెట్టాడని పట్టుకున్నది మెహర్. రిపోర్టు కింద సంతకం మాత్రం గౌస్‌ది. ఆ సంతకం ఆయన్ని తెచ్చి ముషైరిబ్‌లో ఒక పెద్దింటివాళ్ళ సొంత పుస్తకాల మ్యూజియంలో సెక్యూరిటీ హెడ్‌గా కూర్చోబెట్టింది. మెహర్ ఇంకా అదే కంపెనీలో, అదే బల్ల ముందు, పగిలిన అద్దాలకూ తడిసిన సరుకుకూ రిపోర్టులు రాస్తోంది.

వండింది ఒకరు, వడ్డించుకుని తిన్నది ఇంకొకరు. రెండేళ్ళయినా ఆ మంట చల్లారలేదు.

"ముచ్చట కాదు గౌస్ భాయ్, డ్యూటీ. పుస్తకానికి ఇన్సూరెన్స్ మాది. చెప్పండి, ఏమైంది?"

గౌస్ చంకలో నల్ల తోలు ఫైలు ఉంది. దాన్ని తీయకుండానే రెండో చేత్తో కాగితం ఒకటి ముందుకు తోశాడు. టైములు రాసిపెట్టాడు. ఆ విషయంలో మొదటినుంచీ శుభ్రమైన మనిషే.

"ఇటలీ పుస్తకం. తొంభై ఆరు ఆకులు. పదకొండున్నరకు సబ్రీన్ మేడం నలభై ఒకటో ఆకును ఫోటో తీసుకుని బయటికి పోయింది. గదిల ఉన్నది ఒక్కడే, గజేందర్, కార్పెంటర్. పుస్తకం పెట్టే చెక్కపీట సరిచేస్తుండు. పన్నెండూ ఇరవైకి మేడం మళ్ళొచ్చి చూస్తే నలభై ఒకటో ఆకు లేదు. నేను, ఆమె, ఇద్దరం రెండుసార్లు లెక్కపెట్టినం. తొంభై అయిదు. పన్నెండున్నరకు గదికి తాళమేసిన. తాళంచెవి ఇదిగో." మెడలో వేలాడుతున్న కార్డు పక్కనే ఇత్తడి తాళంచెవి చూపించాడు. "ఒంటిగంటా పదికి వాని సామాన్ల పెట్టె వెతికిన. కట్టర్ దొరికింది. కట్టర్ కింద కాగితం ముక్క దొరికింది. పాత కాగితం. ఇంకేం గావాలె? కేసు ఖతం."

"ఆకు ఎక్కడ?"

"వాన్నే అడుగు. ఎవనికో అందించి ఉంటడు."

"గది దాటి పోయిండా?"

"పదకొండూ నలభై రెండుకు ఫోమ్ కోసం స్టోరుకు పోయిండు, యాభై ఎనిమిదికి వచ్చిండు. తలుపు మీద కెమెరా ఉంది, అందుల చూసిన."

"చేతిల ఏమన్న ఉందా?"

"షర్టు లోపల పెట్టుకుని ఉంటడు."

"ఆ పదహారు నిమిషాలు గది ఖాళీ."

"ఖాళీయే. కానీ ఆ తలుపుల ఇంకెవ్వరు రాలే."

"ఇంకో తలుపు ఉందా?"

"లోపలి తలుపు. దానికీ పన్నెండున్నరకే ఇదే చెవితోని తాళమేసిన. అది పుస్తకాలు బాగుచేసే గదిలకు. అక్కడ అంతా చదువుకున్న మేడమ్స్ ఉంటరు." నవ్వాడు. "వాళ్ళు దొంగలు కారు మెహర్ బీ. డాక్టరేట్లు."

అప్పుడే బల్ల మీద పెట్టిన ఫోను మోగింది. పగిలిన అద్దం, మీద 'పుష్ప' అని పేరు. గజేందర్ దగ్గర లాక్కున్నది. అప్పట్నించి ఇది పదమూడోసారి అన్నాడు గౌస్ విసుక్కుంటూ. మెహర్ ఎత్తింది.

"హలో, ఎవ్వలు?" అవతల ఆడగొంతు బిగుసుకుంది. "మా ఆయన ఫోను ఆడమనిషి తీసుడేంది?"

"నేను మెహర్ను చెల్లె. ఆఫీసుల పనిచేసేదాన్ని. ఆయన పనిల ఉన్నడు."

"పనిల ఉంటె ఫోను నీ చేతిలకెట్లొచ్చె? గా దుబాయిల ఏం నడుస్తున్నదో ఈడున్నోళ్ళకు ఎరకలేదనుకుంటున్నవా? నువ్వాయనకేమైతవ్?"

గౌస్ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. మెహర్‌కు కోపం రావాల్సింది, రాలేదు. ఏ గల్ఫ్ దేశాన్నైనా దుబాయే అనే ఊళ్ళో, మూడువేల కిలోమీటర్ల దూరంలో కూర్చుని అనుమానపడ్డ మనిషి మీద కోపగించి ఏం లాభం.

"ఏం కాను. కోరుట్ల పిల్లను, మీ దిక్కుదాన్నే. సాయంత్రం ఐదింటికి ఆయనతోనే నీకు ఫోను చేయిస్త. మాట."

పెట్టేశాక గౌస్ అన్నాడు, "ఐదింటికి వాడు స్టేషన్ల ఉంటడు. ఎందుకట్ల మాటలిస్తవ్?"

మెహర్ ఫోను బల్ల మీద పెట్టి లేచింది.

*

గజేందర్‌ను మెట్ల కింద సామాన్ల కొట్లో కూర్చోబెట్టారు. నలభై దాటిన మనిషి, వడ్రంగి. మెట్‌పల్లి దగ్గరి ఊరు. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్ నుంచి కంపెనీ బస్సులో రోజూ వస్తాడు. బూట్లు విప్పి పక్కన బుద్ధిగా పెట్టుకున్నాడు, ఎవరింట్లోకో వచ్చినట్టు.

"నేను చింపలే అక్కా."

"చింపలేదని నాకు ఎట్ల తెల్వాలె?"

"పుస్తకం పెట్టే వ్యాసపీట చేస్తున్న. మా ఊర్ల భాగవతం పెడతరు సూడు, గట్లాంటిది."

"మా ఇంట్ల రెహల్ అంటం. ఖురాన్ పెట్టేది."

"ఆఁ, గదే. పుస్తకం నొప్పి పడొద్దని అంచులకు ఫోమ్ ఏస్తున్న. పుస్తకాన్ని నేను ముట్టుడే లేదు. కాళ్ళకు తాకితేనే కండ్లకద్దుకుంటం, అసొంటిది చింపుతనా? పోలీసులొస్తె నౌకరి పోతది. నౌకరి పోతె పోయె, దొంగ అని పేరొస్తె ఊర్ల ఎట్ల తిరగాలె?"

"కట్టర్‌తోని ఏం కోసినవ్?"

"ఫోమే. నల్ల ఫోమ్. పొద్దుగాలనించి అదే."

మెహర్ ప్లాస్టిక్ సంచిలోని కట్టర్‌ను వెలుతురుకు పెట్టి చూసింది. బ్లేడు రెండు వైపులా నల్లటి పొడి జిగురులా అంటుకుని ఉంది. రెండో సంచిలో కాగితం ముక్క. బొటనవేలంత వెడల్పు, జానెడున్నర పొడుగు. కోసిన అంచు పాలలా తెల్లగా ఉంది. ఆ బ్లేడు దీన్ని కోసుంటే అంచు కాటుక గీత గీసినట్టు ఉండాలి.

"స్టోరు నించి తిరిగొచ్చినంక పుస్తకం ఎట్లుంది? యాది చేసుకో."

గజేందర్ కళ్ళు మూసుకున్నాడు. "మూసి ఉండె. పోయేటప్పుడు తెరిచి ఉండె, బొమ్మ కనబడుతుండె. రాయి బొమ్మ. వచ్చేవరకు మూసి ఉండె. మేడం వచ్చి మూసిందేమో అనుకున్న."

"గౌస్ సార్‌కు చెప్పినవా?"

"చెప్పిన. నోరు ముయ్యమన్నడు."

*

రెండూ నలభైకి సబ్రీన్‌ను పిలిచింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల, ఇక్కడ పాత పుస్తకాల మీద పరిశోధన చేస్తోంది. హైదరాబాద్‌లో ఇంగ్లీషు చదువు, తండ్రి పెద్ద డాక్టరు. తెలుగు ఆచితూచి మాట్లాడుతుంది.

"ఆ ఆకులో ఏముంది? నాకు అర్థమయ్యేట్టు చెప్పమ్మా. నాది పదో తరగతి."

"చెప్తాను ఆపా. ఈ పుస్తకం రాసినాయన బాల్దో ఫెరాన్తి. దగ్గర దగ్గర ఐదు వందల ఏళ్ళ కింద. ఇటలీలో చిన్న కొండ ఊరు. అప్పుడు అక్కడ చదువుకున్నవాళ్ళందరికీ ఇదే పిచ్చి. తమ ప్రాంతంలో పొలాల్లో, గోడల్లో దొరికే పాత రాళ్ళు, నాణేలు, పడిపోయిన కమానులు వెతకడం, బొమ్మ గీయడం, మీద ఉన్న అక్షరాలు రాసుకోవడం. మా ఊరు పాతది అంటే మా ఊరు ఇంకా పాతది అని పక్క ఊరివాళ్ళతో పోట్లాట."

"రాళ్ళ కోసం కొట్లాటనా?"

"రాళ్ళ కోసం కాదు, పేరు కోసం. పక్క ఊరాయనకు చాలా పాత రాయి దొరికింది. రెండేళ్ళకు ఫెరాన్తి ఈ నలభై ఒకటో ఆకు రాశాడు. రాయి మీద ఐదు లైన్లు. ఐదో లైను ప్రకారం వీళ్ళ ఊరే పాతది." సబ్రీన్ ఫోనులో ఫోటో తెరిచింది. "కానీ చూడండి ఆపా, ఐదో లైను సిరా వేరు. తర్వాత కలిపాడు. రాయి మీద ఉన్నవి నాలుగే లైన్లు. ఓర్వలేక అబద్ధం రాశాడు."

మెహర్ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసింది. ఆమె చూపు ఐదో లైను మీద లేదు. ఆకు లోపలి అంచు వెంట, పైనుంచి కిందిదాకా, చాయ్ ఒలికినట్టు గోధుమరంగు మరక ఉంది.

"ఈ మరక?"

"ఎప్పుడో నీళ్ళు పడ్డాయి. ఆ ఒక్క ఆకుకే, అదీ ఈ వైపే ఉంది. వెనక్కి దిగలేదు."

గజేందర్ పెట్టెలో దొరికిన ముక్క మీద మరక లేదు. మెహర్ ఆ మాట మింగేసింది.

"ఇది నువ్వు కనిపెట్టినట్టు ఎవరెవరికి తెలుసు?"

"ఇవాళ ఐదింటికి అందరిముందు చెప్పాలి. ముందుగా తెలిసింది మా సీనియర్ జైబా మేడంకే. నేనే చెప్పాను. ఆమె పద్నాలుగేళ్ళు ఆ ఐదో లైను మీద పుస్తకం రాశారు. అందరిలో ఒక్కసారిగా వినడం బాగుండదని. ఆమె 'శభాష్' అన్నారు. నా తల నిమిరారు. అంత మంచిగా ఎప్పుడూ మాట్లాడలేదు."

*

జైబా మేడం నిండైన మనిషి. యాభై దగ్గర. సొంతూరు హనుమకొండ. మాట పుస్తకంలో అచ్చేసినట్టు ఉంటుంది. ఒళ్ళో ఒక నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుంది. ఎర్ర గుడ్డ వీపు వేసి చేత్తో కుట్టిన పుస్తకం.

"నేను పదకొండూ నలభైకి నమాజు గదికి వెళ్ళాను. వుజూ చేసుకున్నాను, చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కుని. నలభై ఏడుకు అజాన్. నమాజు అయ్యాక పన్నెండూ అయిదుకు చాయ్ గదికి వచ్చాను. సబ్రీన్ కేక వినేదాకా అక్కడే ఉన్నాను."

"మళ్ళీ పని గదికి పోలేదు?"

"పోలేదు."

ఆమె బొటనవేలి గోటి మూల ఏదో తెల్లగా ఎండి ఉంది. "ఇవాళ జిగురు పనేమన్న చేసిన్రా?" అంది మెహర్.

"జిగురా?" జైబా నవ్వింది. "నేను చరిత్ర చదివేదాన్ని. అతికించేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు ఈ వారమంతా సెలవు."

"సబ్రీన్ కనిపెట్టిన సంగతి నిజమేనా?"

నవ్వు పెదాల మీదే నిలిచింది, కళ్ళు వదిలేసి. "చిన్నపిల్ల. ఫోనుతో ఫోటో తీసి, రంగులు మార్చి చూసింది. నాలుగు నెలలయింది ఆమె వచ్చి. మేము ఇటలీలో గడ్డకట్టే చలిలో, ఆ ఊళ్ళ చర్చిల్లో, కొవ్వొత్తి వెలుగులో చదివాం. అది వేరే చదువు."

"నోటుపుస్తకం మంచిగుంది. ఎక్కడ కొన్నరు?"

"ఇది... నేనే కుట్టుకున్నాను." చెయ్యి పుస్తకం మీద కప్పుకుంది. కప్పేలోపు మెహర్ చూసింది. ఎర్ర గుడ్డ అట్టను కలిసే చోట సన్నని నీలం చార. గోటి మూల ఎండినదానిలోనూ అదే నీలం.

*

మూడూ పదికి గౌస్ గది తాళం తీశాడు. మెహర్, సబ్రీన్, జైబా వెనకాల లోపలికి వచ్చారు. గదిలో చల్లదనం ఎముకలకు పట్టేట్టు ఉంది. నడుమ గజేందర్ చేసిన పీట. దానిమీద పుస్తకం, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు.

"చేతులు పెట్టకు," అన్నాడు గౌస్. "ఎవిడెన్స్."

"ఇన్సూరెన్స్ మాది భాయ్. గ్లౌజులు కావాలా సబ్రీన్?"

"వద్దు ఆపా. కడుక్కున్న ఉత్త చేతులే మంచివి. గ్లౌజులతో ఆకు తెలియదు, చిరుగుతుంది."

మెహర్ బయట చేతులు కడుక్కుని వచ్చి, తుడుచుకుని, పుస్తకం ముందు నిలబడింది. గౌస్ తలుపుకు లోపలినుంచి మళ్ళీ తాళం వేశాడు. సబ్రీన్ ఒక్కొక్క ఆకు తిప్పింది. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. ఆకులు గాలికి తేలిపోయే దుప్పట్లలా మెత్తగా వాలుతున్నాయి. నలభయ్యో ఆకు వాలలేదు. అప్పడంలా నిటారుగా లేచి, మెల్లగా పడింది.

"ఆగు."

దండెం మీది బట్ట ఆరిందో లేదో చూసుకున్నట్టు, మెహర్ వేళ్ళ వెనక భాగం ఆకుకు ఆనించింది. తర్వాత పక్క ఆకుకు. మళ్ళీ దీనికి.

"ఇది చల్లగుంది."

"ఏసీ," అన్నాడు గౌస్.

"ఏసీ ఒక్క ఆకుకే తాకుతదా? ఇది తడి చల్లదనం." వంగి వాసన చూసింది. సన్నగా, పుల్లగా, ఉడికిన మైదా వాసన. ఆకు అంచును వెలుతురుకు పెట్టింది. ఒకటి కాదు, రెండు అంచులు, ఒకదానిమీద ఒకటి, వెంట్రుక సందు లేకుండా. ఆ కలిసిన చోట నీలం పొర.

మెహర్ నిటారుగా నిలబడింది.

"ఆకు ఎక్కడికీ పోలేదు. నలభై, నలభై ఒకటి, రెంటినీ కలిపి అతికించిన్రు. మరకా రాతా అన్నీ లోపలికి పోయినయ్. పైకి కనిపించేది నలభయ్యో ఆకు ముందువైపు, నలభై ఒకటో ఆకు ఖాళీ వెనకవైపు. అందుకే లెక్కకు ఒకటి తగ్గింది."

సబ్రీన్ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. గౌస్ చంకలో ఫైలు బిగించుకున్నాడు.

"మా కోరుట్ల బడి పక్కన రిజిస్టర్లు కుట్టే మామ ఉండేటోడు," అంది మెహర్, ఎవరివైపూ చూడకుండా. "మైదా ఉడికించి, పురుగు పట్టొద్దని నీలాథోతా కలిపేటోడు. గజేందరయితే మైలుతుత్తం అంటడు. సబ్రీన్, మీ ఇటలీ చదువుల్ల, మీ ల్యాబుల్ల, జిగురుల అది కలుపుతరా?"

"ఎప్పుడూ లేదు ఆపా. కాగితం పాడైపోతుంది."

"అవును. చదువుకుని నేర్చుకున్నోళ్ళెవ్వరు కలుపరు. ఇంట్ల చూసి నేర్చుకున్న చెయ్యి కలుపుతది. మనసు వద్దన్నా చెయ్యి ఊకోదు." ఇప్పుడు తిరిగి చూసింది. "జైబా మేడం, మీ అబ్బాజాన్ ఏం చేసేటోళ్ళు?"

జైబా ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేను నమాజులో ఉన్నానని చెప్పాను."

"చెప్పిన్రు. రొట్టెలపిండి గోటికి అంటుకుని ఉంటే మా అమ్మీ వుజూ కాలేదనేది. గీకి కడుక్కుని మళ్ళీ రమ్మనేది. నీళ్ళు తాకని గోటితో నమాజు ఎట్ల? మీరు పట్టింపున్న మనిషి. అజాన్‌కు ముందు ఆ జిగురు అంటితే, వుజూల పోయేది. నమాజు తర్వాత అంటలేదు, మీ మాట ప్రకారమే మీరు చాయ్ గదిల ఉన్నరు. అంటే ఇవాళ మీరు వుజూ చెయ్యలేదు మేడం. ఆ టైముకు ఈ లోపలి తలుపులనుంచి ఇక్కడికొచ్చిన్రు."

జైబా తన బొటనవేలి వైపు చూసుకుంది.

"ముప్పై ఏళ్ళలో ఒక్క పూట నమాజు తప్పింది," అంది చివరికి. గొంతులో అచ్చుపుస్తకం పోయి, హనుమకొండ వచ్చింది. "మా అబ్బాజాన్ జిల్దుసాజ్. పుస్తకాలు కుట్టేటోడు. ఎవ్వరికీ చెప్పలే నేను. డాక్టర్ల బిడ్డల నడుమ కూసొని, జిల్దుసాజ్ బిడ్డనని ఎట్ల చెప్పాలె? పద్నాలుగేండ్లు ఆ ఐదో లైను కాపాడుకున్న. ఈ పిల్ల ఒక్క ఫోటో తీసింది. ఒక్క ఫోటో. నా తల మీంచి నడిచి పోయింది." సబ్రీన్ వైపు తిరిగింది. "నువ్వు నా దగ్గరికొచ్చి ముందే చెప్పినవ్ చూడు, అదే ఎక్కువ కాలింది. జాలిపడి చెప్పినవ్."

"మేడం, నేను..."

"చింపుదామనే వచ్చిన. చెయ్యి రాలే. పుస్తకం కోసేటోని చెయ్యి పడిపోతదనేటోడు అబ్బాజాన్. అందుకే అతికించిన. ఇవాళ సాయంత్రం గడిస్తే చాలనుకున్న. తెల్లారి ఆవిరి పట్టి విడదీస్తే, ఏమీ కాదు."

"ఫెరాన్తి సాబ్ కూడా అట్లనే అనుకుని ఉంటడు," అంది మెహర్. "ఒక్క లైనే కదా అని."

జైబా కళ్ళు తుడుచుకుంది. "కానీ ఆ కార్పెంటర్ సంగతి నాకు తెల్వదు. అతని పెట్టెల ముక్క నేను పెట్టలే. అల్లా సాక్షి. నేను కత్తే పట్టలే."

గడియారం మూడూ నలభై ఐదు.

చంకలో ఫైలు అడ్డం లేకుంటే గౌస్ గట్టిగా చప్పట్లు కొట్టేవాడే. "మంచిది. దొరికింది. ఆకు ఇక్కడే ఉంది, గజేందర్ పోవచ్చు, కేసు ఖతం. యల్లా, నేను పోలీసులకు రావద్దని ఫోన్ చేస్త. రిపోర్టు నేను రాస్త మెహర్ బీ, నువ్వు అలసిపోయినవ్."

ఆ మాటతో మెహర్ ఒంట్లో పాత మంట భగ్గుమంది. అల్ వక్రాలోనూ ఇదే మాట. అలసిపోయినవ్, నేను రాస్త.

ఆ మంటను పక్కకు పెట్టి ఆలోచించాలి. తను వెతుకుతున్నది నిజాన్నా, గౌస్ తప్పునా? ఒక్క క్షణం తనకే తెలియలేదు. అందుకే లెక్కను నమ్ముకుంది. లెక్కకు ఎవరిమీదా కోపం ఉండదు.

"ఆ ముక్క ఎక్కడిది భాయ్?"

"ఏదో చిత్తు కాగితం."

మెహర్ సంచి అందించింది. సబ్రీన్ వెలుతురుకు పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. "చిత్తుది కాదు. ఈ పుస్తకం కాగితమే. లోపల గీతలు ఇవే. కానీ మరక లేదు. నలభై ఒకటోది కాదు."

"ఇంకోసారి లెక్కపెట్టు బిడ్డా. అతుక్కున్న రెండూ ఒకటే అనుకో. పన్నెండూ ఇరవైకి మీ లెక్క తొంభై అయిదు."

"లెక్కలెందుకు ఇప్పుడు?" గౌస్ ముందుకొచ్చాడు. "టైం వేస్ట్."

"పెట్టనీ భాయ్. సంతకం మీదే కదా, లెక్క మాదన్న కానీ."

సబ్రీన్ వేళ్ళు మొదటి ఆకునుంచి కదిలాయి. గదిలో కాగితం చప్పుడు తప్ప ఇంకేం లేదు. జైబా కూడా పెదాలతో లెక్కపెడుతోంది, ఏడుపు మర్చిపోయి. యాభై. డెబ్భై రెండు. తొంభై. ఆఖరి ఆకు అట్టమీద వాలింది. సబ్రీన్ వేళ్ళు గాల్లో ఆగిపోయాయి. వెనక్కి తిప్పి ఇంకోసారి లెక్కపెట్టింది.

"తొంభై నాలుగు."

"ఏది పోయింది?"

"ఆఖరిది. ఖాళీ ఆకు. ఏమీ రాయలేదు దాని మీద." పుస్తకం వెనక మడతలోకి వంగి చూసింది. "కోశారు ఆపా. ఇది అతికించింది కాదు. కత్తితో కోశారు. పన్నెండూ ఇరవైకి ఉంది. నేనే ముట్టుకున్నాను."

"ఖాళీ కాగితమే కదా, ఎవరు లెక్కపెడతరులే అనుకున్నరు," అంది మెహర్. "ఆకు పోయిందని అందరూ నమ్మినంక, దొంగ దగ్గర ఒక ముక్క దొరికితే బాగుంటదనుకున్నరు. ఇన్సూరెన్స్ మనిషి రాకముందే కేసు ముగిసిపోవాలె. ముఖ్యంగా, ఫలానా ఇన్సూరెన్స్ మనిషి రాకముందే."

గౌస్ నవ్వడానికి చూశాడు. "ఏం మాట్లాడుతున్నవ్? నీకు నా మీద జలన్ మెహర్, ఓర్వలేనితనం. కంపెనీల అందరికీ ఎరుకే."

"ఉంది. దాచుకోను. మీ కుర్చీ చూసినా ఉంది." మెహర్ గొంతు పెరగలేదు. "కానీ నా జలన్ పుస్తకాన్ని కొయ్యలేదు. గజేందర్ పన్నెండూ ఇరవై ఐదునుంచి మెట్ల కింద ఉన్నడు. జైబా మేడం, సబ్రీన్, అందరూ బయట. పన్నెండున్నరకు తాళం పడ్డది. ముక్క దొరికింది ఒంటిగంటా పదికి. ఆ నలభై నిమిషాలు ఈ గది తాళంచెవి ఎవరి మెడల ఉంది గౌస్ భాయ్?"

గౌస్ చెయ్యి తాళంచెవి మీదికి పోయింది. వెంటనే జారి, చంకలోని ఫైలును పట్టుకుంది.

తను వచ్చినప్పట్నుంచి ఆ ఫైలు ఒక్కసారి కింద పెట్టలేదు. చాయ్ తాగినప్పుడూ, తాళం తీసినప్పుడూ, నవ్వినప్పుడూ. పెట్టెలో దొరికింది ఒక ముక్కే, మిగిలిన ఆకు ఎక్కడో ఉండాలి. జానెడున్నర ఆకు పట్టేంత ఫైలు.

బయట నడవలో బూట్ల చప్పుడు. ఒకరిది కాదు. తలుపు మీద మూడుసార్లు కొట్టారు. గడియారంలో సరిగ్గా నాలుగు.

తాళం లోపలివైపునుంచి వేసి ఉంది. తాళంచెవి ఒక్కటే.

మెహర్ చెయ్యి చాపింది, తాళంచెవి కోసమో, ఫైలు కోసమో చెప్పకుండా.

"తియ్యండి భాయ్. మీరు పిలిచినోళ్ళే వచ్చిన్రు."